బీపీ బిళ్ల, పొంగిన చిగుళ్లు, మధ్యలో పాచి

చిగుళ్లు పొంగితే మా కోనసీమలో ముందుగా వినిపించే మాట "వేడి చేసింది". బోండాం కొట్టించుకో, మజ్జిగ తాగు, నాలుగు రోజులు ఆవకాయ జోలికి పోకు, అదే తగ్గుతుంది అంటారు. మా పెద్దమ్మ నిరుడు వేసవిలో రెండు నెలలపాటు అదే చేసింది. తగ్గలేదు సరికదా, కింది ముందు పళ్ల సందుల్లో చిగురు దానిమ్మ గింజల్లా ఉబ్బి పళ్ల మీదికి ఎక్కడం మొదలుపెట్టింది. జామకాయ కొరికితే తెల్లటి గుజ్జు మీద ఎర్రటి గీత పడేది. బ్రష్షు పెడితే నురగంతా గులాబీ రంగు. రక్తం చూసి భయపడి బ్రష్షు పక్కన పడేసింది. వేలితో పేస్టు రాసుకుని పుక్కిలించి ఊసేసేది.

ఆవిడకు ఆరేళ్లుగా బీపీ. రోజూ పొద్దున్నే ఆమ్లోడిపిన్ బిళ్ల వేసుకుంటుంది. శివరాత్రి వెళ్లాక డాక్టరు 5 మిల్లీగ్రాముల బిళ్లను 10 చేశారు. ఈ మార్పుకీ చిగుళ్లకీ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బీపీ డాక్టరు నోరు చూడలేదు, ఆయన దగ్గర మేమూ పళ్ల మాట ఎత్తలేదు. మొదట వెళ్లిన పళ్ల డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. ముందు పళ్లు నాలుగూ తీసేసి కట్టుడు పళ్లు పెట్టిద్దాం అన్నారు. మనసొప్పక ఇంకో చోటికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమనక ముందే అడిగింది: "అమ్మా, మీరు రోజూ వేసుకునే బిళ్లల అట్ట తెచ్చారా?"

అసలు సంగతి బయటపడింది ఆ ఒక్క ప్రశ్నతోనే. మన వైపు వీధికి నలుగురైదుగురు ఈ బిళ్ల వేసుకునేవాళ్లు ఉంటారు. అందుకే అప్పటినుంచి చదివి, అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

"మందేసుకుంటే బీపీ తగ్గాలి గానీ, చిగుళ్లు పొంగడమేంటండీ డాక్టరమ్మగారూ?" అని పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రక్తనాళాల గోడల్లో చిన్న చిన్న కండరాలుంటాయి. ఆ కండరం బిగుసుకోవాలంటే కణంలోకి కాల్షియం వెళ్లాలి. అది వెళ్లే దారులను ఆమ్లోడిపిన్ లాంటి మందులు కొంత మూసేస్తాయి. కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. ఈ మందులను కాల్షియం ఛానల్ బ్లాకర్లు అంటారు. ఆ పేరు విని పాలు, పెరుగు మానేసేవాళ్లున్నారు. ఎముకల్లో కాల్షియం అయిపోతుందని బిళ్లలు కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. రెండూ అక్కర్లేదు. మందు అడ్డుపడేది కణాల్లోకి వెళ్లే దారికే గాని, తిండిలోంచి ఒంటికి పట్టే కాల్షియానికి కాదు.

ఇక చిగురు దగ్గరికి వద్దాం. చిగురు కండ మెత్తగా కనిపించినా లోపల కొల్లాజెన్ అనే పీచుతో అల్లి ఉంటుంది. ఆ పీచును అల్లేదీ, పాతబడినదాన్ని విప్పి తీసేసేదీ ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు. రెండు పనులూ నిత్యం జరుగుతూనే ఉంటాయి. కాలువ గట్టున పెరిగినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం నుంచి కాలువలోకి నీళ్లతోపాటు ఒండ్రు వస్తూనే ఉంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు కాబట్టి కాలువ కాలువలా ఉంటుంది. నాలుగేళ్లు తీయకపోతే? ఒండ్రు ఎప్పటిలాగే వచ్చినా అడుగు పైకి లేస్తుంది. చిగుళ్లలో జరిగేదీ దాదాపు ఇదే. పరిశోధకులు చెప్పే ఒక వివరణ ప్రకారం, కణంలోకి కాల్షియం తగ్గితే ఫోలేట్ అనే విటమిన్ లోపలికి వెళ్లడం కూడా తగ్గుతుంది. పాత పీచును కరిగించే ఎంజైము సరిగా తయారుకాదు. కొత్త పీచు అల్లుతూనే ఉంటుంది, పాతది పోదు. చిగురు మందమవుతుంది.

అయితే బిళ్ల వేసుకునే అందరికీ ఇలా ఎందుకు కాదు? ఒక కారణం పుట్టుకతో వచ్చేది. కొందరి కణాలు ఈ మందుకు ఎక్కువ స్పందిస్తాయి, దాని విషయంలో మనం చేయగలిగింది లేదు. రెండో కారణం పాచి, అది పూర్తిగా మన చేతిలో ఉన్నది. పాచి అంటే పొద్దున లేచేసరికి పళ్ల మీద నాలుకకు జిగటగా తగిలే పొర. అది ఉత్త తిండి మరక కాదు, దాన్నిండా బతికున్న బాక్టీరియా. అది చిగురు అంచున నిలవుంటే చిగురు వాస్తుంది. ఆ వాపున్న చోటే మందు ప్రభావం కూడా బాగా కనపడుతుంది. దీనికి గట్టి సాక్ష్యం ఒకటుంది. పళ్లు పూర్తిగా ఊడిపోయిన చోట ఈ చిగుళ్ల పెరుగుదల దాదాపు కనిపించదు. అదే మనిషి, అదే బిళ్ల, అదే రక్తం. పన్ను లేదు కాబట్టి పాచి నిలిచే అంచు లేదు, అంచు లేదు కాబట్టి పెరుగుదలా లేదు. ఈ సంగతి తెలిశాక నా ఆలోచన మారింది. అప్పటిదాకా తప్పంతా బిళ్లదే అనుకున్నాను. బిళ్ల ఒక్కటే ఇంత పని చేయదు, దానికి పాచి తోడు కావాలి.

ఆ తర్వాత ఇది తిరగలిలా తిరుగుతూనే ఉంటుంది. పొంగిన చిగురు పన్ను మీదికి ఎక్కి ఒక సంచిలాంటి సందు ఏర్పడుతుంది. బ్రష్షు కుచ్చు అందులోకి పోదు. పాచి ఉండిపోయి, ఉమ్మిలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్షుకు రాదు, పైగా గరుకుగా ఉండి ఇంకా పాచిని పట్టుకుంటుంది. వాపు పెరుగుతుంది, రక్తం కారుతుంది, రక్తానికి భయపడి మనిషి బ్రష్షు మానేస్తాడు. పెద్దమ్మ చేసింది అదే. రక్తం వస్తోందంటే తోమడం ఎక్కువైందని అర్థం కాదు, అక్కడ శుభ్రం చాలలేదని అర్థం. మెత్తటి బ్రష్షుతో ఆ చోటే ఇంకా జాగ్రత్తగా తోమాలి. ఇది నమ్మించడానికి డాక్టరమ్మకు పావుగంట పట్టింది.

చిగుళ్లు మందులతో పొంగుతాయన్నది కొత్తగా తెలిసింది కాదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్‌తో ఇలా జరుగుతుందని 1939లోనే రాశారు. మూత్రపిండం మార్చినవాళ్లకు ఇచ్చే సైక్లోస్పోరిన్‌తోనూ ఇది ఉంది. బీపీ మందుల్లో మొదట పట్టుబడింది నిఫెడిపిన్, 1980లలో. ఆమ్లోడిపిన్ మీద రిపోర్టులు 1990లలో వచ్చాయి. డిల్టియాజెమ్, వెరాపమిల్, ఫెలోడిపిన్‌లతో కూడా రావచ్చు. ఎంతమందికి వస్తుందన్నది అధ్యయనాన్ని బట్టి చాలా మారుతుంది. ఇంగ్లండ్‌లో మామూలు జనంలో చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నిఫెడిపిన్ వాడేవాళ్లలో 6.3 శాతం మందికి, ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో 1.7 శాతం మందికి చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించింది. అంటే ఎక్కువమందికి రాదు. కానీ ఆమ్లోడిపిన్ చవక, బాగా పనిచేస్తుంది, రోజుకొక్కటి చాలు, కాబట్టి దేశమంతా కోట్ల మంది వాడతారు. ఇంతమందిలో నూటికి ఒకరిద్దరన్నా అది చిన్న లెక్క కాదు.

మామూలుగా మందు మొదలుపెట్టిన లేక మోతాదు పెంచిన ఒకటి నుంచి మూడు నెలల్లో ఇది మొదలవుతుంది. పళ్లకూ పళ్లకూ మధ్య ఉండే కోసు చిగురు ముందు ఉబ్బుతుంది. ముందు పళ్లకు, పెదవి వైపున ఎక్కువ కనపడుతుంది. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే ఆలస్యంగా గమనిస్తాం. 10 మిల్లీగ్రాములకే వస్తుందని అనుకోవద్దు, 5తో వచ్చిన కేసులూ ఉన్నాయి.

మీ బిళ్ల ఈ జాతిదో కాదో తెలుసుకోవాలంటే అట్ట మీద పెద్ద అక్షరాల కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివించుకోండి. చివర "డిపిన్" అని ఉంటే ఈ కుటుంబమే. చాలా బిళ్లల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. టెల్మిసార్టాన్‌తోనో అటెనొలాల్‌తోనో ఆమ్లోడిపిన్ కలిపినవి మన మందుల షాపుల్లో బాగా కదులుతాయి. "నాది ఆమ్లోడిపిన్ కాదు, వేరేది" అనుకునేవాళ్ల అట్ట మీద కూడా అది రెండో పేరుగా ఉండొచ్చు. 104 బండి దగ్గర తెచ్చుకున్న బిళ్లలైనా సరే, అట్ట చివరి ముక్క పారేయకుండా దాచుకోండి. విడిగా కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న భాగం పోతుంటుంది. పేరు కనపడే ముక్కే కావాలని షాపులో అడగండి.

ఇప్పుడు ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. బిళ్ల వల్ల అన్న మాట చెవిన పడగానే పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా బిళ్ల మానేసింది. డాక్టరమ్మ "మానకండి" అని రెండుసార్లు చెప్పినా, ఆవిడకు సగమే వినపడింది. తొమ్మిదో రోజు మెడ వెనక బరువుగా ఉందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చూపించాం. 190/110. ఆయన రెండోసారి పట్టీ కట్టి చూస్తుంటే నా చేతులు చల్లబడిపోయాయి.

"మూడు రోజులు మానేస్తే ఏమీ కాలేదు కదా, అంటే నాకు అవసరం లేదేమో అనుకున్నానే" అంది. ఇలా అనిపించడానికి కారణం ఉంది. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా మెల్లగా పోతుంది. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే మానిన రెండు మూడు రోజులు బీపీ పెద్దగా కదలదు, ధైర్యం వస్తుంది. వారం తిరిగేసరికి మెల్లగా పాత చోటికి వెళ్లిపోతుంది. అప్పుడు కూడా చాలామందికి ఏ సూచనా ఉండదు. మెడ బరువు తెలియడం పెద్దమ్మ అదృష్టం.

ఇదేమంత చిన్న భయం కాదు. 2003-04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ కింద ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఏడాదిపాటు జరిగిన చావులన్నిటికీ కారణాలు ఆరా తీశారు. ఇంటింటికీ వెళ్లి, పోయినవాళ్ల సొంతవాళ్లను అడిగి రాసుకున్నారు. 32 శాతం చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పచ్చటి పొలాలు, కొబ్బరి తోటలు ఉన్న ఊళ్లలో జ్వరాలూ విరేచనాలే మనుషుల్ని తీసుకుపోతాయనుకునే కాలం పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. చిగుళ్లు పొంగితే ఇబ్బంది, చూడటానికి బాగోదు, పళ్లు పాడవుతాయి. పక్షవాతం వస్తే మంచం. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. కాబట్టి చిగుళ్ల కోసం బీపీ బిళ్లను సొంతంగా ఒక్క రోజు కూడా ఆపొద్దు.

మరి ఏం చేయాలి? ముందు పళ్లు శుభ్రం చేయించుకోవాలి. స్కేలింగ్ అంటే మన వైపు ఇంకా భయమే. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి వదినా" అని పక్కింటావిడ పెద్దమ్మకు గట్టిగా చెప్పింది. గార బాగా పేరుకున్న నోట్లో అది పళ్లను సిమెంటులా పట్టి ఉంచుతుంది. కింద ఎముక అరిగిపోయి ఉన్నా తెలియదు. గార తీశాక ఉన్న కదలిక బయటపడుతుంది, వాచిన చిగురు తగ్గి సందులు కనిపిస్తాయి. పళ్లను కదిలించింది క్లీనింగ్ కాదు, ఏళ్ల తరబడి ఉన్న గార. ఇంకో నాలుగేళ్లు ఆగితే ఆ పళ్లు డాక్టరు అక్కర్లేకుండానే ఊడతాయి. పెద్దమ్మకు మూడు సిట్టింగులు పట్టింది. మొదటిరోజు పక్కన పెట్టిన ట్రేలో గోధుమరంగు గార పెచ్చులు చూసి "ఇదంతా నా నోట్లోదా" అని అడిగింది.

తర్వాత పళ్ల డాక్టరమ్మ బీపీ డాక్టరుకు ఒక చీటీ రాసింది, ఇలా ఉంది, మందు మార్చే వీలుందా చూడండి అని. నా దృష్టిలో మొత్తం వైద్యంలో అతి విలువైనది ఆ చీటీయే. చాలామందికి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి వేరే కుటుంబం మందులు సరిపోతాయి. కొందరికి సరిపోవు. మూత్రపిండాలు, పొటాషియం, గుండెనొప్పి, గర్భం, ఎనలాప్రిల్‌తో వచ్చే పొడి దగ్గు, ఇవన్నీ చూసి తేల్చాల్సింది బీపీ డాక్టరే. షాపులో అడిగి మార్చుకునేది కాదు. మార్చలేని పరిస్థితి ఉన్నా నిరాశపడక్కర్లేదు. అదే బిళ్ల వేసుకుంటూ, శుభ్రం గట్టిగా పాటించి చిగుళ్లు బాగుపడ్డవాళ్లున్నారు.

మందు మార్చినా చిగురు మర్నాటికే దిగదు. వారాలు, నెలలు పడుతుంది. ముందు ఎర్రదనం, రక్తం తగ్గుతాయి, తర్వాత పరిమాణం. వాపు వల్ల పెరిగినది పోతుంది గాని, బాగా పాతబడి గట్టిపడిన పీచు కొంత మిగలొచ్చు. దాన్ని మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కోసి సరిచేస్తారు, జింజివెక్టమీ అంటారు. లేజరుతో కూడా చేస్తారు. అయితే పాచి సంగతి చూసుకోకుండా కోయించుకుంటే మళ్లీ పెరుగుతుంది, ఈ మాట ముందే చెప్పే డాక్టరును నమ్మొచ్చు. భీమవరం, రాజమండ్రి, అమలాపురంలో డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ చిగుళ్లకు ప్రత్యేకంగా పీరియాడాంటిక్స్ విభాగం ఉంటుంది. బయట ఖర్చుకు భయపడేవాళ్లు అక్కడ అడగొచ్చు.

ఇంట్లో తోమడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేడా వచ్చేది ఇక్కడే. మెత్తటి కుచ్చున్న బ్రష్షు తీసుకుని, పన్నూ చిగురూ కలిసే గీత మీద ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో తోమాలి. అడ్డంగా రంపం కోసినట్టు లాగకూడదు. రెండు నిమిషాలు. పొద్దునా రాత్రీ. రాత్రి తోమడం పెద్దమ్మ తరానికి అలవాటు లేని పని. నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, పాచికి అది పంట కాలం, కాబట్టి రెంటిలో ఒకటే చేయగలిగితే నేను రాత్రిదే ఎంచుకుంటాను. పళ్ల సందులకు సీసాలు కడిగే బ్రష్షు ఆకారంలో చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్షులు దొరుకుతాయి. ఏ సైజు పడుతుందో డాక్టరు చెబుతారు. మన ఇళ్లలో దీని బదులు కొబ్బరి ఈనెతో గుచ్చుకుంటారు. వాకిట్లో చీపురులోంచి విరిచి, మాట్లాడుతూ మాట్లాడుతూ గుచ్చుకుంటూ కూర్చుంటారు. ఆ మొన చిగుట్లో దిగి పుండు చేస్తుంది, పాచిని మాత్రం తీయదు. దయచేసి మానండి. వేపపుల్ల నమిలి మెత్తగా చేసుకుని తోమితే తప్పు లేదు గాని, పళ్ల లోపలి వైపుకు, దవడ పళ్ల సందులకు అది అందదు. బొగ్గు, కచ్చిక బూడిద, ఇటుక పొడి అసలు వద్దు. లంక పొగాకు చుట్ట తాగేవాళ్లకు ఇంకో చిక్కుంది. పొగ వల్ల చిగుళ్లకు రక్తం తక్కువ అంది, లోపల జబ్బున్నా రక్తం కారదు, బాగానే ఉందనిపిస్తుంది.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపు మందు డాక్టరు చెప్పిన రోజులే వాడాలి, ఎక్కువ రోజులైతే పళ్లు గోధుమరంగు పట్టి, నాలుకకు రుచి తేడా చేస్తుంది. పేస్టుతో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడితే బాగా పనిచేస్తుంది. ఉప్పు నీళ్లు పుక్కిలించి ఊసేస్తే బీపీకి ఏమీ కాదు. ఉప్పు భయమంతా కంచంలోని ఉప్పుచేపకూ అప్పడానికీ దాచుకోండి.

ఒక హెచ్చరిక. పొంగిన ప్రతి చిగురూ బీపీ బిళ్ల వల్ల కాదు. ఎక్కువసార్లు అది ఉత్త పాచి వల్ల వచ్చే వాపే. షుగరు అదుపులో లేకపోయినా, గర్భంతో ఉన్నా చిగుళ్లు వాస్తాయి. కొద్ది రోజుల్లోనే గబగబా పొంగి, దాంతోపాటు జ్వరం, నీరసం, ఒళ్లు పాలిపోవడం, తగలకుండానే ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు ఉంటే ఆలస్యం చేయకుండా రక్త పరీక్ష చేయించాలి, రక్త క్యాన్సర్ కొన్నిసార్లు ముందు చిగుళ్లలో కనపడుతుంది. ఒక్క చోటే గడ్డలా లేస్తే ముక్క పరీక్ష అవసరం కావచ్చు.

పన్ను తీయించుకోవడానికి వెళ్లే రోజు కూడా బీపీ బిళ్ల వేసుకునే వెళ్లండి. 180/110 దాటితే అత్యవసరం కాని పని వాయిదా వేస్తారు. రక్తం పల్చబడే బిళ్లలు వాడుతుంటే చెప్పండి, వాటినీ మీ అంతట మీరు ఆపకండి.

పెద్దమ్మకు డాక్టరు ఆమ్లోడిపిన్ తీసేసి వేరేది రాశారు. మొదటి నెల వారం వారం బీపీ చూపించాం. రెండో నెలకు రక్తం ఆగింది. ఐదో నెలకు ఆ దానిమ్మ గింజలు చాలావరకు దిగిపోయి పళ్లు మళ్లీ పొడుగ్గా కనిపించాయి. కింద నడిమి పళ్ల మధ్య మాత్రం ఒక గట్టి ముక్క మిగిలిపోయింది. కోస్తే ఐదు నిమిషాల పని అన్నారు. సంక్రాంతికి పిల్లలొచ్చి వెళ్లాక చేయించుకుంటానంది. బిళ్లల డబ్బా మూత లోపల ఇప్పుడు అట్ట ముక్క ఒకటి అంటించి ఉంటుంది, మందు పేరు కనపడేలా.